విడిగా ఉన్నట్టు రుజువు

మా ఫార్చూన్ రేవు దాటి కొండ కొమ్మున నిలబడితే, పొగమంచు లేని రోజున సెయింట్ పియేర్ దీవి చెయ్యి చాస్తే అందేట్టు కనిపిస్తుంది. అందదు. ఆ దీవి ఫ్రాన్సు దేశానిది, మా ఒడ్డు వేరే దేశం. మధ్యలో గంటన్నర ఓడ ప్రయాణం, ఒక సరిహద్దు, పాస్‌పోర్టు మీద ఒక ముద్ర. మా అమ్మ ఒడీల్ ఆ ఒడ్డున పుట్టి, ఈ ఒడ్డున కాపురం చేసింది. మేం ఫ్రెంచిలో 'మేమే' అని పిలిచే మా అమ్మమ్మ పక్షవాతంతో మంచాన పడితే మళ్ళీ ఆ ఒడ్డుకే వెళ్ళింది. ఒక్క చలికాలం ఉండి వచ్చేస్తానంది. ఆ ఒక్క చలికాలం మూడేళ్ళు సాగింది.

నాన్న సెల్బీ థార్న్‌హిల్ లాబ్‌స్టర్లు అనే పెద్ద సముద్రపు రొయ్యలు పట్టేవాడు. నర్సుకీ మందులకీ అని ప్రతినెలా ఒకటో తారీకున అమ్మకి డబ్బు పంపేవాడు. రెండు వారాలకోసారి శనివారం ఓడెక్కి, సంచి నిండా ఉప్పుమాంసమూ కొండపళ్ళ జామూ పట్టుకెళ్ళేవాడు. ఆదివారం సాయంత్రం చంకలో నాలుగు పొడుగాటి రొట్టెలు పెట్టుకుని తిరిగొచ్చేవాడు. రేవులో వాళ్ళు ఊరుకునేవాళ్ళా? "ఏం సెల్బీ, అత్తారింట్లో మర్యాదలు బాగా జరిగాయా?" అని ఏడిపించేవాళ్ళు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చెవుల దాకా ఎర్రబడిపోయేవాడు.

ఇక నా సంగతి. నేను టౌన్ ఆఫీసులో గుమాస్తాని. నాన్న ఇంటికి నాలుగిళ్ళ అవతల మా ఇల్లు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆఫీసు నుంచి రాగానే వంటింటి బల్ల దగ్గర కూర్చుని సగం ఊరికి పన్ను కాగితాలు నింపిపెట్టేదాన్ని. ఆ పనికి డబ్బు తీసుకోవడం మా ఊళ్ళో మర్యాద కాదు. సీసాలో నిలవపెట్టిన మూస్ దుప్పి మాంసమో, ఒక బకెట్టు ఉప్పుచేపో గుమ్మంలో పెట్టి వెళ్ళేవాళ్ళు. "కొరీన్ చేతిలో పెడితే ఒక్క డాలరు కూడా పోదు" అని నాకు పేరు. ఆ పేరు నా నెత్తికెక్కి కూర్చుంది. లేకపోతే ఇదంతా జరిగేది కాదు.

అమ్మ వెళ్ళిన మొదటి చలికాలం ముగుస్తుండగా, ఒక సాయంత్రం నాన్న కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

"నాన్నా, నువ్వు అమ్మకి ఇంత పంపుతున్నావు. దీనికి నీకు మినహాయింపు ఏమీ రావట్లేదు తెలుసా?"

"పెళ్ళానికి పంపుకుంటే మినహాయింపేంటే?"

"పెళ్ళానికైతే రాదు. విడిపోయిన పెళ్ళానికి భరణం కింద పంపితే మొత్తానికి మొత్తం వస్తుంది. ఆవిడ వేరే దేశంలో ఉన్నా సరే. ఇద్దరూ సంతకాలు పెట్టిన ఒప్పందం ఒకటి ఉంటే చాలు."

"మేం విడిపోలేదుగా."

"ఎవరు విడిపొమ్మన్నారు? కాగితం మీద."

నాన్న "మీ అమ్మనడుగు" అన్నాడు. ఏదైనా నచ్చకపోతే ఆయన అనే మాట అదే. నేను వినిపించుకోలేదు.

ఈస్టరుకి అమ్మ వచ్చింది. నేను టైపు చేసిన కాగితాన్ని కిటికీ వెలుతుర్లో పట్టుకుని, తన ఫ్రెంచి యాసలో పైకి చదివింది. "'వివాహబంధం తెగిపోయిన కారణంగా విడివిడిగా నివసిస్తూ...' అబ్బో! తెగిపోయిందట సెల్బీ. నాతో ఎవరూ చెప్పలేదే!"

"ఆ తెగిపోవడం అనే మాట తీసేసి ఇంకోటి పెట్టకూడదా అమ్మడూ?" అన్నాడు నాన్న. "దూరంగా ఉంటున్న కారణంగా అని రాయి. అది నిజమేగా."

"వాళ్ళకి ఆ మాటే కావాలి నాన్నా. అది లేకపోతే చెల్లదు."

ఆయన సంతకం పెట్టాడు. అమ్మ కూడా పెట్టి, కలం పక్కన పడేసి, వెళ్ళి నాన్న ఒళ్ళో కూర్చుంది. "విడిపోయిన పెళ్ళాన్ని. ఇలా కూర్చోవచ్చా, దీనికి కూడా మీ అమ్మాయి కాగితం కావాలా?" అంది. ముగ్గురం కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాం. తర్వాత కూర్చుని బఠాణీ సూపు తాగాం. ఆ ఏడు వెనక్కొచ్చిన డబ్బుతో నాన్న ఇంటికప్పు మార్పించాడు. మరుసటి ఏడూ అలాగే నింపాను, అలాగే వచ్చింది.

నేను చెప్పదలుచుకున్నది ఆ తర్వాతి వసంతం గురించి. లాబ్‌స్టర్ల కాలం మొదలై బోనులు నీళ్ళలో వేసిన వారమే పన్ను ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. భరణం మినహాయింపు గురించి మూడు అడిగారు. ఒప్పందం, డబ్బు పంపిన రశీదులు, భార్యాభర్తలు నిజంగా తెగిపోయి విడిగా ఉంటున్నారని కుటుంబానికి బయటివాళ్ళు రాసిచ్చిన రుజువు. మొదటి రెండూ ఫైల్లో ఉన్నాయి. మూడోది చదివి, ఉత్తరం పట్టుకుని నాన్న ఇంటికి వెళ్ళాను.

నాన్న అప్పుడే పడవ దిగొచ్చి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఉత్తరం చదివి వినిపించాను.

"పొరపాటైపోయిందని చెప్పి డబ్బు కట్టేద్దాం" అన్నాడు, సబ్బు రుద్దుకుంటూ. "ఈ ఏడు లాబ్‌స్టర్లు బాగానే పడుతున్నాయి."

అంత తేలిగ్గా తేలిపోయే సంగతి. ఆయన మాట విని ఉంటే ఈ కథ లేదు.

"కడితే సరిపోదు నాన్నా. అబద్ధం రాశామని ఒప్పుకున్నట్టేగా! ఆ కాగితం రాసింది నేను, నింపింది నేను. ఊళ్ళో నేను చేసినవన్నీ తిరగేస్తారు. టౌన్ ఆఫీసులో నన్ను ఉంచుతారా?"

ఆయన ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "అయితే ఏం చెయ్యమంటావు?"

"ఏం లేదు. ఇది తేలేదాకా అటు వెళ్ళకు. ఓడెక్కితే పేరు రాసుకుంటారు. రెండు వారాలకోసారి పెళ్ళాం దగ్గరికి పరిగెత్తే మనిషి విడిపోయాడంటే ఎవరు నమ్ముతారు? ఫోన్లు కూడా తగ్గించు. ఎంత, నెలా నెలన్నర."

"మీ అమ్మకి?"

"నేను చెబుతాను."

చెప్పాను. అమ్మ "నీ మీదికి రాకూడదే, అదే ముఖ్యం" అంది. ఆ శనివారం నాన్న సంచి సర్దుకోలేదు. రేవులో ఒక బోను బోర్లించుకుని దాని మీద కూర్చుని, ఓడ మలుపు తిరిగేదాకా చూశాడు. "ఏం సెల్బీ, అత్తారు గెంటేశారా?" అని ఎవరో అరిచారు. ఆయన నవ్వాడు, కానీ కాస్త ఆలస్యంగా.

రుజువు రాసివ్వడానికి నాన్న పక్కింటి ఎఫీ అత్తయ్య తప్ప నాకెవరూ తోచలేదు. పిలుపుకే అత్తయ్య, చుట్టం కాదు. ఎనభై దాటిన మనిషి, సాల్వేషన్ ఆర్మీ చర్చి ప్రార్థనలు ఒక్కటీ మానదు. రెండు సీసాల మూస్ మాంసం పట్టుకుని వెళ్ళాను. ఆవిడ సీసాల వంక చూసి, నా వంక చూసింది.

"నా చేత అబద్ధం రాయించడానికి వచ్చావా?"

"అయ్యో, లేదత్తయ్యా. నీకు కనిపించిందే రాయి."

"కనిపించిందే రాస్తాను. పనికొస్తే తీసుకో, లేకపోతే పొయ్యిలో పెట్టుకో. ఆ సీసాలు పట్టుకుపో."

మూడు రోజుల తర్వాత పిలిచి, గీతల కాగితం మీద రాసింది చేతికిచ్చింది. ఇప్పటికీ నాకది కంఠతా వచ్చు.

"పక్కింటి సెల్బీ థార్న్‌హిల్‌ని అతను పుట్టినప్పటి నుంచీ ఎరుగుదును. భార్య వెళ్ళాక అతను ఒక్కడే తింటాడు. ఆ ఇంట్లోంచి ఇదివరకు పాటలు వినిపించేవి, ఇప్పుడు రేడియోలో వాతావరణం మాత్రం వినిపిస్తుంది. వంటింటి కిటికీ పరదాలు ఆమె వెళ్ళిన నాటి నుంచి ఎవరూ ఉతకలేదు. బట్టలు తనే ఆరేసుకుంటాడు. చొక్కాలకి అంచు దగ్గర క్లిప్పు పెట్టాలని తెలియదు, భుజాల దగ్గర పెడతాడు. కూతురు వస్తుంది, నిలబడే మాట్లాడి వెళ్తుంది. శనివారాలు రేవులో కూర్చుంటాడు. నేను చూసింది ఇంతే, ఇందులో అబద్ధం లేదు."

నిలబడే మాట్లాడి వెళ్తానన్న దగ్గర నాకు చురుక్కుమంది. ఉత్తరం మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుందని నా గుమాస్తా బుర్ర వెంటనే లెక్కేసుకుంది. సంబరంగా తీసుకెళ్ళి నాన్నకి చూపించాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. తలెత్తి పరదాల వంక చూశాడు. అవి ఒకప్పుడు పసుపురంగువి.

"ఎఫీకి నేనిలా కనిపిస్తున్నానా?"

"రుజువు కోసం రాసింది నాన్నా, అంతే."

"కాదులే. ఉన్నదే రాసింది." కాగితం మడత పెట్టి నా చేతికిచ్చాడు. "పంపించెయ్."

పంపించాను. ఎవరైనా అడిగితే అమ్మ కూడా ఇదే మాట చెప్పాలి కదా అని అన్నిటికీ నకళ్ళు తీసి ఆవిడకీ పోస్టు చేశాను. ఎఫీ అత్తయ్య ఉత్తరం కూడా.

జూన్ రెండో వారంలో పన్ను ఆఫీసు మనిషి ఫోన్ చేశాడు. ఇంకో పది రోజుల్లో తేల్చేస్తామన్నాడు. ఈ మధ్య వాళ్ళిద్దరూ మళ్ళీ కలిసి ఉండడం లాంటిది ఏమైనా జరిగిందా అనడిగాడు. లేదన్నాను. ఆ మర్నాడే నాన్న మా ఆఫీసుకొచ్చాడు. అంతకు ముందెప్పుడూ రాలేదు. పడవ మీద వేసుకునే రబ్బరు బట్టల్లోనే ఉన్నాడు, నేల మీద నీళ్ళు కారుతున్నాయి.

"మేమే పోయింది" అన్నాడు. "గురువారం పూడుస్తారట. ఆ పొద్దుటి ఓడకి వెళ్తాను."

నేను లేచి తలుపు మూశాను. అమ్మమ్మ పోయిందంటే ముందు ఏడవాల్సింది. తలుపు మూశాను.

"నాన్నా, నిన్ననే అడిగారు. కలవలేదని చెప్పాను. గురువారం నీ పేరు ఓడ జాబితాలో పడితే?"

"అత్తగారిని పూడ్చడానికి వెళ్తే కాపురం చేసినట్టా?"

కాదు. అది నాకూ తెలుసు. చావుకి వెళ్ళాడని ఎవరూ ఏమీ అనరు, అన్నా సమాధానం చెప్పుకోవచ్చు. తెలిసి కూడా భయపడ్డాను. పుట్టి బుద్ధెరిగాక అంత భయం నేనెరగను.

"పది రోజులే నాన్నా. తర్వాత రోజూ వెళ్ళు, నేనే టిక్కెట్టు కొంటాను. ఈ ఒక్కసారికి ఆగు. నా కోసం."

ఆయన టోపీ చేతుల్లో ఒకసారి తిప్పి తలకి పెట్టుకున్నాడు. "సరేలే అమ్మడూ" అని వెళ్ళిపోయాడు. నేను గుడ్డ తెచ్చి నేల తుడుచుకున్నాను.

గురువారం పొద్దున్నే గాలి లేదు, పొగమంచు లేదు. ఓడ వెళ్ళింది. నాన్న తన పడవేసుకుని బోనులు లాగడానికి వెళ్ళాడు. ఆఫీసు కిటికీలోంచి దీవి తేటగా కనిపిస్తూనే ఉంది, నేను కుర్చీ అటు నుంచి ఇటు తిప్పుకుని కూర్చున్నాను. అక్కడేం జరిగిందో తర్వాత అమ్మ వాళ్ళ పినతల్లి కూతురు, మైతే అనే ఆవిడ, చెప్పింది. చర్చికి వెళ్ళే ముందు అమ్మ నల్లబట్టల్లో రేవుకి వచ్చిందట. ఆఖరి మనిషి దిగి, మెట్లు లాగేసేదాకా నిలబడిందట. "ఇంకెవరూ లేరా?" అని ఓడ వాళ్ళని ఒకసారి అడిగిందట. శ్మశానంలో ఆవిడ చెయ్యి పట్టుకున్నది అమ్మమ్మకి మందులిచ్చే షాపతనట.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. రుజువులు పరిశీలించాము, మినహాయింపులో మార్పు లేదు. అంతే, రెండు ముక్కలు. నేను దాన్ని జెండాలా ఊపుకుంటూ రేవుకి పరిగెత్తాను. బోనులు ఎత్తే రోజులవి, నాన్న వాటిని ఒడ్డున పేరుస్తున్నాడు. చేతి తొడుగులు తీసి చదివాడు.

"నమ్మారు" అన్నాడు.

"నమ్మారు నాన్నా! గండం గడిచింది. శనివారం వెళ్ళు."

వెళ్ళాడు. సంచి నిండా సర్దుకునే వెళ్ళాడు. కానీ ఆదివారం దాకా ఉండలేదు, ఆ సాయంత్రమే తిరుగు ఓడకి వచ్చేశాడు. చంకలో ఏమీ లేదు.

"రొట్టెలేవి నాన్నా?"

"షాపు మూసుంది."

శనివారం నాడు ఆ షాపు మూయరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

జూలైలో అమ్మ వచ్చింది. అమ్మమ్మ లేదు కదా, ఇక వచ్చేసినట్టే అనుకుని కేకు చేసి పెట్టాను. చేతిలో పెట్టె చూసి ఎంత సంతోషపడ్డానో. పెట్టె తేలిగ్గా ఉందని దాన్ని అందుకున్నాక తెలిసింది. ఖాళీ పెట్టె అది.

లోపలికొచ్చి, టోపీ తీసి, ముందు కుర్చీ లాక్కుని వంటింటి పరదాలు దించింది. తొట్టిలో నానబెట్టి చేత్తో ఉతికింది. మూడు నీళ్ళు మార్చింది. పెరట్లో ఆరేస్తే ఆ గాలికి గంటలో ఆరిపోయాయి. ఎఫీ అత్తయ్య తన గుమ్మంలోంచి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ బల్ల మీద దుప్పటి పరిచి ఇస్త్రీ మొదలుపెట్టింది. నాన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తన ఇంట్లో తనే చుట్టంలా.

"అమ్మా, ఇంకేం పనుంది అక్కడ? ఇంటికొచ్చెయ్" అన్నాను.

అమ్మ నాన్న వైపు తిరిగింది. "సెల్బీ" అంది, పరదా అంచు సాగదీస్తూ. "నన్ను అడగడానికి ఫిబ్రవరి నెలలో, మంచుగడ్డల మధ్య నుంచి, ఇంత చిన్న పడవలో వచ్చావు. గుర్తుందా? మా నాన్న నిన్ను చూసి, వీడికి మతి లేదు, పిల్లని ఇచ్చేద్దాం అన్నాడు."

"గుర్తుంది."

"అమ్మని పూడ్చిన గురువారం సముద్రం చాప పరిచినట్టుంది సెల్బీ."

"తెలుసు. నేను నీళ్ళ మీదే ఉన్నా."

నేనింక ఆపుకోలేకపోయాను. "నేనే వద్దన్నానమ్మా. నాన్న వస్తానన్నాడు. తప్పంతా నాది. నన్ను తిట్టు."

"నాకు తెలుసే బంగారం. నన్నడిగినా నేనూ అదే చెప్పేదాన్ని, పిల్లకి ముప్పొస్తుంది, రావద్దని." ఇస్త్రీపెట్టె నిలబెట్టి నా తల నిమిరింది. "అందుకే ఎవరి మీదా కోపం రావట్లేదు. కోపమొస్తే బాగుండేది. నాలుగు తిట్టి, ఏడ్చి, ఉండిపోయేదాన్ని. గోతి దగ్గర ఒక్కదాన్నే నిలబడితే ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఇది అలవాటైపోయిందిలే అనిపించింది. అప్పుడు భయమేసింది."

నాన్న వచ్చి, అమ్మ ఎక్కడానికి కుర్చీ కిటికీ దగ్గరికి జరిపాడు. ఆయనకి మొదటినుంచీ మాటలు రావు, పడవ నడపడమే వచ్చు.

అమ్మ పరదాలు కట్టింది. వంటిల్లంతా పసుపు వెలుతురు పడింది, మూడేళ్ళ తర్వాత. మేడ మీదికెళ్ళి తన బట్టలు, అమ్మమ్మ ఇచ్చిన గడియారం పెట్టెలో సర్దుకుంది. కేకు ఒక ముక్క తిని బాగుందంది. ఐదున్నర ఓడకి నాన్నే పెట్టె మోసుకెళ్ళాడు. రేవులో ఎవరూ ఏడిపించలేదు. మెట్ల దగ్గర అమ్మ నాన్న చొక్కా భుజాలు రెండు చేతులతో సర్ది, "అంచు దగ్గర క్లిప్పు పెట్టు. భుజాలు సాగిపోతున్నాయి" అంది. ఎక్కి వెళ్ళిపోయింది.

ఇది జరిగి ఆరేళ్ళు. గొడవ లేదు, కోర్టు లేదు. అమ్మ అక్కడ బడిలో వంట చేస్తోంది. నెలనెలా ఒకటో తారీకున నాన్న డబ్బు పంపుతూనే ఉన్నాడు. ఇంక అంత పంపనక్కర్లేదని అమ్మ అంది, ఆయన వినలేదు. ప్రతి వసంతంలో పరదాలు నేను దించి ఉతుకుతాను. ఇప్పుడు ఆ ఇంట్లో కూర్చునే మాట్లాడతాను. నాన్న చొక్కాలు అంచు దగ్గర క్లిప్పు పెట్టి ఆరేస్తున్నాడు.

ఊరివాళ్ళ కాగితాలు చెయ్యడం మానేశాను. నాన్నవి ఒక్కటే చేస్తాను. మార్చిలో ఒక ఆదివారం ఆయన చెప్పులపెట్టె నిండా రశీదులు పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చుంటాడు. ఎవరి కాగితమైనా ముందు ఒక ప్రశ్న అడిగే మొదలుపెట్టాలి. కాగితం మీంచి తలెత్తకుండా అడుగుతాను, పోయినేటి నుంచి భార్యాభర్తల స్థితిలో మార్పేమైనా ఉందా అని.

"లేదు అమ్మడూ" అంటాడు నాన్న. "నువ్వు రాసినట్టే ఉంది."